గిర్నిబావి కాడ

ముందు వాసన వచ్చింది.
వెనక పదకొండు బస్తాల చపాట మిర్చి ఉండంగ
ముక్కుకు ఇంకో వాసన తగులుడే ఎక్కువ.
అయినా తగిలింది,
కాలిన చెప్పు వాసన.

నర్సంపేటల ఎక్కినకాడికెళ్లి బండి మూలుగుతనే ఉన్నది.
న్యూట్రల్ల ఇడిస్తె వాలుల సుత ఉరుకుతలేదు.
గిర్నిబావి కాడ ఆపి
వెనక చక్రం మీద సీసల నీళ్లు చల్లిన:
సుయ్‌మన్నది.
అవుతల చక్రం సుత సుయ్‌మన్నది.
ముందటియి సల్లగ ఉన్నయి.

పోయిన నెల లైనింగులు మార్పిచ్చిన.
మొన్న వీల్ సిలిండర్లు, పద్దెనిమిది వందలు.
అయినా దొరకని రోగానికి
సారంగం పేరు పెట్టిన.
"నీ కాలు పెడల్ మీదికెళ్లి లేవదు" అన్న,
ఎనుమాముల గేటు కాడ, హమాలీలందరి ముందట,
కాంటా చిట్టీ పట్టుకొని నిలబడ్డోని చేతులకెళ్లి
తాళం గుంజుకున్న.
పదేండ్లు నడిపిన చెయ్యి అది.
నా బామ్మర్ది చెయ్యి.

అంకూస్ జాకీ ఎత్తి
ఇరుసు కింద తుమ్మ మొద్దులు తోసిండు.
చక్రం తిప్పిండు, తిరగలే.
హ్యాండు బ్రేకు చూసిండు, వదిలే ఉన్నది.
"స్ప్రింగులు బిగువు తప్పినయేమో" అన్న.
"రెండు దిక్కుల ఒక్కనాడే తప్పుతయా?
రెంటికి నడుమ ఉన్నదేదో చెడ్డది."
చక్రం వెనక చెయ్యి పెట్టి
పానాతోటి నిప్పిలు అర చుట్టు తిప్పిండు.
నూనె ఎగిరి బనీను మీద పడ్డది.
గంతే,
ఎవలో చెవుల చెప్పినట్టు
రెండు చక్రాలు వదులైనయి.

నిప్పిలు బిగిచ్చి నన్ను తొక్కుమన్నడు, తియ్యిమన్నడు.
మల్ల పట్టుకున్నయి.
ఈసారి ఛాసిస్ కాడ
రబ్బరు హోసు పై కొస సడలిచ్చిండు.
ఒక్క చుక్క రాలింది. చక్రాలు కదలలే.
"గిదే. గీడ్నే ఉన్నది."

బయటికి అది నున్నగనే ఉన్నది, ఒక్క పగులు లేదు.
కత్తితోటి అడ్డంగ కోసి చూపిచ్చిండు:
లోపల ఉబ్బి, సూది పట్టే సందు.
"తొక్కినప్పుడు కాలు బలానికి నూనె పోతది.
తీసినప్పుడు ఎన్కకు రానీకి
దానికి బలమెవలియ్యాలె?"

నేను ఆ ముక్కను జేబుల ఏసుకున్న.
ఎందుకో అడగలే ఆయన.

కొత్త హోసు ఎక్కిచ్చినంక గాలి తియ్యాలె.
"నిప్పిలు కాడ నేను. నూనె పోసుడు నువ్వు.
తొక్కనీకి ఇంకొగలు కావాలె,
మా పోరడు అన్నారం ఉర్సుకు పోయిండు."
పక్క చాయ్ హోటల్ల కేకేస్తె ఎవలన్న వద్దురు.
నేను ఫోను తీసిన.

నల్లబెల్లికెళ్లి టీవీఎస్ మీద వచ్చిండు సారంగం.
నా దిక్కు చూడలే.
సీటుల నేను పెట్టుకున్న దిండు తీసి
పక్కకు పెట్టి కూసున్నడు.
నూనె పోసే సందు ఫ్లోరు పలక కింద,
పెడళ్ల పక్కన.
నేను డబ్బ పట్టుకొని
ఆయన కాళ్ల కాడ కూసున్న.

"కొట్టు."
"పట్టు."
"వదులు."
బండి కిందికెళ్లి అంకూస్ గొంతు.
సీసల ముందు ఉత్త బుడగలు,
తర్వాత బుడగలు కలిసిన నూనె,
తర్వాత తేనె రంగు సన్న ధార.
ఇరవై రెండు సార్లు.
ప్రతిసారి ఆయన కాలు పూర్తిగ పైకి లేచింది.
నేను లెక్కపెట్టిన.

చక్రం చేత్తోటి తిప్పితె
అంకూస్ బీడీ ముట్టిచ్చుకునేదాక తిరుగుతనే ఉన్నది.

తాళం బండికే ఉన్నది. నేను అవుతల దిక్కు ఎక్కిన.
తొవ్వల మిర్చి రేటు అడిగిండు, చెప్పిన.
ధర్మారం కాడ రైలు గేటు పడ్డది.
గూడ్సు పొడుగుంది. ఇంజను బందు చేసిండు.
గేటు లేచింది.
సారంగం కాలు తీసిండు.
బండి, ఇంకా ఇంజను పెట్టకముందే,
వాలుకు మెల్లగ కదిలింది.